అతుక్కోని అంచు

"నీకెందుకులే అమ్మా, వెళ్ళి పడుకో. నా నడుం పడిపోయాక తుడుద్దువుగాని" అంది అత్తయ్య, తడిగుడ్డ పిండుతూ.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఒక మాట అనేసి మంచం ఎక్కేదాన్ని. ఆవిడ కాస్త తుడిచి, నడుం పట్టుకుని "అబ్బా" అంటుంటే ఆ అబ్బా అంతా నాకే తగిలింది. మోకాలి ఆపరేషనని ఆఫీసుకు సెలవు పెట్టి తిని కూర్చుంటున్నదాన్ని. "నీ కాలు పుణ్యమా అని అమ్మకు మళ్ళీ చాకిరీ" అని ముందురోజే ఆయన నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్న మాటకు జవాబు చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. మోకాలి పట్టీ విప్పి మంచం కిందికి తోసి, గుడ్డ అందుకుని గొంతుకూర్చున్నాను. నిలబడి కర్రతో తుడిస్తే మూలల్లో మురికి పోదని మా ఇంట్లో నమ్మకం. ఆ తర్వాత రోజూ నేనే తుడిచాను. ఆయన ఆఫీసుకి వెళ్ళాక జరిగే పని అది. సాయంత్రం ఆయన వచ్చేసరికి పట్టీ మళ్ళీ నా మోకాలికి ఉండేది; ఇల్లు మెరుస్తూ ఉండేది, ఎవరు తుడిచారో చెప్పేది కాదు.

కొన్ని వారాలకు ఆసుపత్రిలో డాక్టరమ్మ నా మోకాలి స్కాన్ వంక చాలాసేపు చూసింది.

"ఎముకల మధ్య మేం కుట్టిన మెత్త ఒకపక్క అతుక్కోలేదు. రక్తం అందేది అంచుకే, మానడం అక్కడినుంచే మొదలవ్వాలి. షుగరుందా? సిగరెట్లు? పట్టీ తీసేస్తున్నారా? గొంతుకూర్చుంటున్నారా?"

అన్నిటికీ ఆయనే జవాబు చెప్పాడు. "అబ్బే, లేదండీ. కాలు కింద పెట్టనివ్వడం లేదు. మహారాణిలా చూసుకుంటున్నాం."

"అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి ఒళ్ళు సహకరించదు. ఇలాగే ఉంటే మళ్ళీ ఆపరేషన్ చేయాలి."

"తన ఒళ్ళే అంత డాక్టరుగారూ. జలుబు చేసినా ఒక పట్టాన తగ్గదు."

నేను తల వంచుకుని మోకాలి వంక చూశాను. అందులో కుట్టింది నాది కాదు. ముక్కూ మొహం తెలియని ఎవరో చనిపోతే, వాళ్ళవాళ్ళు ఏడుస్తూనే సరేనని ఇచ్చింది. అత్తయ్య నడుం చూసి సిగ్గుపడ్డాను. ఆయనకు అన్నం ఆలస్యమైతే సిగ్గుపడ్డాను. ఆఫీసులో నా పని నెత్తినేసుకున్నవాళ్ళను తలుచుకునీ సిగ్గుపడ్డాను. ఇది ఇచ్చినవాళ్ళు మాత్రం ఒక్కసారీ గుర్తుకు రాలేదు. ఇప్పుడు, పాపం, మానాలని చూస్తున్న నా ఒంటి మీదికే నింద తోసేసి నోరు మూసుకుని కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"రోజూ గొంతుకూర్చునే ఇల్లు తుడుస్తున్నాను డాక్టరుగారూ" అన్నాను. "పట్టీ విప్పేసి."

ఆవిడ కలం కింద పెట్టింది. "ఇప్పటికైనా చెప్పారు. ఈరోజే మానేయండి. ఇంకా అతుక్కునే అవకాశం ఉంది."

దారిలో ఆయన మొహం మాడ్చుకున్నాడు. "అసలు నిన్నెవరు తుడవమన్నారు?"

"ఎవరూ అనలేదు" అన్నాను. నిజంగానే ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చేసరికి హాల్లో బకెట్ సిద్ధంగా ఉంది. "వచ్చావా అమ్మా" అంటూ అత్తయ్య దాన్ని కొంచెం నావైపు జరిపింది. గుడ్డ తీసి, పిండి, ఆయన చేతిలో పెట్టాను.

"మూలలు చూసుకోండి."

అత్తయ్య మొహం చూడలేకపోయాను. ఏదో పెద్ద తప్పు చేసినట్టే అనిపించింది. అయినా గదిలోకి వెళ్ళి, పట్టీ ఇంకాస్త బిగించి కట్టుకుని, కాలు చాపుకుని పడుకున్నాను.