చెవిలో చెప్పే మాట

ముందు కూర్చున్న పాపకు ఒక వైపు జడ వేసి ఎర్ర రిబ్బను ముడి పెట్టింది రామలక్ష్మమ్మ. రెండో వైపు చిక్కు తీస్తుంటే, దువ్వెనలు పట్టుకున్న పిల్లలు వెనక ఒకరినొకరు తోసుకుంటున్నారు.

"ఆగండే పిలకాయల్లారా, నాకుండేది రెండు సేతులే" అంది. ఇంకా కట్టని రిబ్బన్లన్నీ పక్కనే గేటు గడియకు వేలాడుతున్నాయి.

పుంగనూరు దాటాక రోడ్డు వారనున్న ఆ బడిలో ప్రతి ఎండాకాలం ఆడపిల్లల శిబిరం పెడతారు. నడిపేది మాధవి, ఆమె స్నేహితులు. ఎవరికీ జీతం లేదు. పిల్లలు పగలంతా ఖోఖో ఆడతారు, పాటలు నేర్చుకుంటారు, రాత్రి తరగతి గదుల్లోనే పడుకుంటారు. రామలక్ష్మమ్మ మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరే మనిషి. కాయ బాగా దిగి పని దండిగా దొరికే రోజులని తెలిసినా కూలి వదులుకుని ఇక్కడికి వచ్చేస్తుంది. గేటు దగ్గర కూర్చోవడం, జడలు వేయడం ఆమె పనులు. టమోటా రసానికి నల్లబడి, గోళ్ల పక్కన చీలిన వేళ్లు ఆమెవి. అయినా అవి తలలో తిరుగుతుంటే కొందరు పిల్లలు కూర్చున్నచోటే కునుకు తీస్తారు. కడుపున పిల్లలు పుట్టని ఆమెకు ఏడాదిలో ఇష్టమైన రోజులు ఇవే.

ఈసారి మాధవి ఒక కొత్త పద్ధతి పెట్టింది. ప్రతి పాపా ఇంట్లో అమ్మతో ఒక మాట అనుకుని రావాలి. పాపను తీసుకుపోవడానికి ఎవరొచ్చినా ఆ మాటను పాప చెవిలో చెప్పాలి. పాప తలూపితేనే గేటు తీయాలి.

"సొంత నాయనొచ్చినా అడగల్ల అవ్వా" అని మాధవి మరీ మరీ చెప్పింది.

"అట్లేలేమ్మా" అంది రామలక్ష్మమ్మ.

ఇప్పుడు ఆమె ముందు కూర్చున్నది కుప్పం నుంచి వచ్చిన కీర్తన. అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. గేటు అవతల మోటారుసైకిల్ ఆగింది. తెల్ల పంచె కట్టిన పెద్దాయన దిగి, "ఏం పాపా, బాగుండావా?" అన్నాడు. కీర్తన తల దించుకుంది. ఆయన రామలక్ష్మమ్మను తేరిపార చూశాడు.

"నువ్వు పెద్దమండ్యం నల్లప్ప కూతురివి గదా?"

దువ్వెన ఆగిపోయింది. నాయన పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

"అవునప్పా. నువ్వెవురు?"

"చెంగల్రాయుణ్ణి. మీ ఎనకింటోళ్లం. మా సింతసెట్టెక్కి దిగను రాక ఏడస్తాంటే నేను గదా దించింది. ఈ పిల్లకు పెదనాయన్ని. జేజికి, అదే మాయమ్మకు, బాగలేదు. ఒకతూరి సూపిచ్చి మాపిటికి తోడుకొస్తా. మన ఊరి ఆడబిడ్డే ఈడ ఉండాది, ఇంగ నాకేం దిగులు?"

మన ఊరి ఆడబిడ్డ. అమ్మా నాయనా పోయాక ఆమె ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. రమ్మని పిలిచినవాళ్లూ లేరు. ఆ ఊరి మగవాళ్లంతా ఆమెకు అన్నదమ్ముల వరసే. మాట అడగాలని గుర్తుంది, నాలుక చివరికి వచ్చింది కూడా. కానీ అన్న వరస అయినవాణ్ణి, చెట్టు మీదనుంచి దించినవాణ్ణి, గేటు బయట నిలబెట్టి దొంగను అడిగినట్టు అడగడానికి మొహం చెల్లలేదు. గడియ తీసింది.

కీర్తన ఆమె కొంగు పట్టుకుంది.

"అవ్వా, నువ్వు మాట అడగలేదే" అంది మెల్లగా.

"మీ పెదనాయనే గదమ్మా. యాల భయం? పోయిరా" అని నవ్వి, రామలక్ష్మమ్మ కొంగు విడిపించుకుంది.

"రెండో జడ యెయ్యలేదప్పా" అంటే, "ఎవురు సూస్తారులే" అన్నాడు చెంగల్రాయుడు.

ఆటకు పిల్లలను వరసలో నిలబెట్టినప్పుడు కీర్తన లేదని మాధవికి తెలిసింది.

"మాట అడిగినావా అవ్వా?"

"పిల్ల పెదనాయనే. మా ఊరాయనమ్మా."

మాధవి అరవలేదు. "వాళ్ల నాయనకూ అమ్మకూ పడక అమ్మ కుప్పంలో యేరే ఉండాది. నాయన తరపోళ్లు పిల్లను యాడ ఎత్తకపోతారో అని భయపడే ఈడ వదిలింది" అని మాత్రం చెప్పి, ఫోను తీసుకుని పరుగెత్తింది.

ఆ రోజు ఆటలు సాగలేదు. మాధవి స్నేహితులు బండ్ల మీద వెతుక్కుంటూ వెళ్లారు. పోలీసులకు కబురు చేశారు. రామలక్ష్మమ్మ మాత్రం గేటు దగ్గరే కూర్చుంది. పిల్ల పట్టుకున్నచోట కొంగు నలిగి ఉంది. దాన్ని మోకాలి మీద వేసుకుని అరచేత్తో సాపు చేస్తూ ఉండిపోయింది.

మదనపల్లె దాటాక అంగళ్లు అనే ఊరి దగ్గర పోలీసులు చెంగల్రాయుడి బండి ఆపారు. సాయంత్రానికి పిల్ల తిరిగి వచ్చింది. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. కుప్పం నుంచి వచ్చిన తల్లి యమున వరండాలో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చింది. రామలక్ష్మమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

కీర్తన తల ఒక పక్క జడతో, ఇంకో పక్క దుమ్ము పట్టిన విడి జుట్టుతో ఉంది. రామలక్ష్మమ్మ దువ్వెన తీసింది.

"రా తల్లీ, ఆ పక్క గూడా అల్లుతా."

కీర్తన లేచి వచ్చింది. చేతికి అందేంత దూరంలో ఆగి, చెవి ఆమె వైపు వంచింది.

"మాట సెప్పు అవ్వా."

రామలక్ష్మమ్మకు ఆ మాట తెలియదు. పిల్ల కాసేపు అట్లాగే నిలబడి, తల్లి దగ్గరకు వెళ్లిపోయింది.

"గేటుకు ఇంగొకర్ని పెడతా. నువ్వు వంటింట్లో ఉండు అవ్వా" అంది మాధవి.

"వొద్దులేమ్మా. అడిగేదానికి నోరు రానిదాన్ని. పిలకాయలుండే తావున నేనుండగూడదు."

సంచిలో రెండు చీరలు, దువ్వెన సర్దుకుంది. పిల్లలు అన్నాలకు కూర్చున్న వేళ, ఎవరికీ చెప్పకుండా మదనపల్లె బస్సు ఎక్కింది.

గేటు గడియకు కీర్తన రెండో రిబ్బను ఇంకా వేలాడుతూనే ఉంది.