ఎదురు బండి

నేను ఒక టోకెను బంతిని. బంతి అన్నాను కదా అని ఆడుకునే వస్తువు అనుకునేరు. ఉక్కుతో చేసిన ఒళ్లు, గుప్పెట్లో పట్టేంత ఉంటాను. పొట్ట మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి, తోటవాడ అని, గెడ్డపేట అని. ఆ రెండు ఊళ్ల మధ్యా ఒకటే లైను. అటు బండీ ఇటు బండీ ఒకేసారి దాని మీదికి వస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకని రెండు స్టేషన్లలోనూ మమ్మల్ని పెట్టెల్లో ఉంచి తాళం వేసేవారు. మాలో ఒకరు బయటికొస్తే, ఆ ఒకరు తిరిగి లోపలికి వెళ్లేదాకా ఇంకొకరు ఏ పెట్టెలోంచీ రావడానికి వీల్లేదు. నన్ను చేతికిస్తేనే డ్రైవరు బండి కదిలించాలి. పెద్ద ఆఫీసరు ఎక్కిన బండైనా సరే, నా కోసం ఆగాల్సిందే. నాకు పొగరుండేది. ఎందుకుండదు?

బొగ్గు మసి చేతులు, చుట్ట వాసన చేతులు, ఎన్నో చేతులు మారాను. తర్వాత పక్కనే పెద్ద లైను పడింది. ఈ చిన్న లైను మూసేశారు. నా తోటి బంతుల్ని తూకానికి అమ్మేశారు. నన్ను మాత్రం ఉంచారు. మనుషులు దేన్నైనా ముందు చంపేసి, ఆ తర్వాత దాన్ని చూడ్డానికి టిక్కెట్టు పెడతారు. ఇప్పుడు ఆదివారాల్లో పాత ఆవిరి ఇంజను ఒకటి, మూడు పెట్టెలు తగిలించుకుని గెడ్డపేట నుంచి తోటవాడకి వెళ్లొస్తుంది. నన్ను తోలు సంచిలో వేసి, దాని బెత్తపు రింగును వచ్చినవాళ్ల మెడలో దండలా వేసి ఫొటోలు తీయిస్తారు. డ్రైవరుకి నాతో పని లేదు. లైను మొత్తానికి ఉన్నదే ఒక బండి.

ఆ ఆదివారం హైమావతి అనే ఆవిడ వాళ్ల నాన్నను తీసుకొచ్చింది. తవిటినాయుడు గారు. తోటవాడలో స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి. ఆ వేళ్లు నేను మరిచిపోలేదు. ఆయనే అన్నీ మరిచిపోయారు.

"నన్ను పేరెట్టి పిలిచి ఏడాది దాటిపోనాది బాబూ," అని ఆవిడ గైడుతో చెప్పింది. "ఈ బండెక్కితే ఏమైనా గుర్తొస్తాదేమోనని తీసుకొచ్చాను."

ఇంజను కూత వేయగానే ఆయన నిటారుగా కూర్చున్నారు. ఆవిడ కిటికీలోంచి ఏమీ చూడలేదు, ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. బండి కదిలింది. అప్పుడు ఆయన కళ్లు ఎదుటి సీట్లో ఫొటో దిగుతున్న పెళ్లికూతురి మీద పడ్డాయి. ఆ అమ్మాయి మెడలో నేనున్నాను.

"టోకెను ఇక్కడుందేటి?" అంటూ లేచారు. "బండాపండి. ఎదర బండి వస్తన్నాది."

కొందరు నవ్వారు. ఒకాయన ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. హైమావతి గబగబా ఆ అమ్మాయిని అడిగి నన్ను తీసుకుని తండ్రి చేతిలో పెట్టింది.

"ఇదిగో నాన్నా, టోకెను మన దగ్గరే ఉంది. ఇంకేటి భయం?"

పాపం, స్టేషన్ మాస్టరు కూతురై ఉండి కూడా అక్కడే పొరబడింది. నేను మన దగ్గర ఉన్నానంటే డ్రైవరు దగ్గర లేనట్టే కదా. ఆయనకు అంతకంటే ఘోరం ఇంకోటి లేదు. నన్ను గట్టిగా పట్టుకుని, తల కిటికీ బయట పెట్టి, దారంతా ముందుకే చూశారు. "ఈ లైనులో ఇంకో బండే లేదు తాతగారూ," అని గైడు ఎంత నచ్చజెప్పినా చెవిన పెట్టలేదు. నాకు నోరుంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. ఆయన నమ్మేవారు కాదు.

తోటవాడలో అందరూ ఇంజను పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఆయన నన్ను ఒళ్లో పెట్టుకుని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

"నాన్నా, ఎదురు బండి లేదు, రాదు. లే, మనింటికి ఎళ్లిపోదాం."

"రాదంటావేటమ్మా?" ఆయన గొంతు తగ్గింది. "మా హైమ ఆ బండిలోనే వస్తాది, కాలేజీ నుంచి."

ఏడాదిగా ఆవిడ వినాలనుకున్న పేరు. విన్నది.

"ఎలాగుంటాదండి మీ అమ్మాయి?" అని అడిగింది.

"రెండు జడలు. బండి ఆగకముందే దూకేస్తాది. ఎన్నిసార్లు సెప్పినా వినదు." ఆయన కొంచెం నవ్వారు. మళ్లీ పట్టాల వైపు చూశారు. "మీరెవరి కోసమమ్మా?"

ఆవిడ నెరిసిన జుట్టు వెనక్కి తోసుకుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనూ ఆ బండి కోసమేనండి."

ఆయన మర్యాదగా కాస్త జరిగి, బెంచీ మీద ఆవిడకి చోటిచ్చారు.