ముందు ఎవరు డయల్ చెయ్యాలి?

మా ఆయనా మా తమ్ముడూ మాటలు మానేసింది ఒక పిల్లి తోక గురించి. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే వాళ్ళిద్దరి మధ్యా ఇరుక్కున్నది నేనూ, నా పత్రికానూ.

నాది పిల్లల మాసపత్రిక. కథలు నేను చూస్తాను, పేజీలు మా ఆయన కంప్యూటర్లో కూరుస్తారు, బొమ్మలు వేరే ఊళ్ళో ఉండే మా తమ్ముడు వేస్తాడు. కిందటి సంచికలో అట్ట మీద ధర వెయ్యడానికి చోటు చాలక, మా ఆయన వాడి పిల్లి తోకని నిక్షేపంగా కత్తిరించేశారు. వాడు అట్ట చూసిన మరుక్షణం ఫోన్ చేశాడు.

"తోక లేని పిల్లి కింద నా పేరెలా వేశావు బావా?" అన్నాడు.

"మరి ధర ఎక్కడ వెయ్యమంటావు, నీ నెత్తి మీదా?" అన్నారీయన.

అంతే. ఆ రోజు నుంచీ ఇద్దరూ ఎడమొహం, పెడమొహం.

అంతకు ముందు ప్రతి నెలా తమ్ముడు బొమ్మలు ఫ్లాపీలో వేసుకుని బస్సెక్కి వచ్చేవాడు. బావ పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఇక సాయంత్రం దాకా ఒకరి పనిని ఒకరు వెక్కిరించుకోవడమే. ఆ గోల వింటూ ప్రూఫులు దిద్దుకోవడం నాకు అలవాటు. ఈ నెల వాడు రానన్నాడు. పోస్టులో వేస్తే సమయానికి అందదు. సోమవారం పొద్దున పేజీలు చేతికి రాకపోతే మెషీన్ మీదికి ఎవరిదో కేటలాగు ఎక్కించేస్తానని ప్రెస్సాయన కచ్చితంగా చెప్పేశాడు. అదే జరిగితే ఈ నెల పత్రిక లేనట్టే.

ఇక మిగిలిన దారి మోడెమ్. బాగున్న రోజుల్లో బావా బావమరుదులిద్దరూ సరదాపడి ఒకే రకం మోడెములు కొనుక్కున్నారు. ఫోన్ తీగ దానికి తగిలించి ఇక్కడి నుంచి డయల్ చేస్తే, అక్కడి మోడెమ్ ఫోన్ ఎత్తుతుంది. రెండూ కాసేపు కీచుమంటూ పలకరించుకుంటాయి. ఆ తరవాత ఏది కావాలంటే అది పంపుకోవచ్చు. దానికి ఏ పనైనా టైపు కొట్టే చెప్పాలి. ATDT అని కొట్టి పక్కన నంబరు వేస్తే డయల్ చేస్తుంది. ATS0=1 అని కొడితే, ఎవరు ఫోన్ చేసినా మొదటి రింగుకే తనంతట తను ఎత్తేస్తుంది.

తమ్ముడికి ఫోన్ చేసి, "ఆదివారం మధ్యాహ్నం బొమ్మలు మోడెమ్ మీద పంపు" అన్నాను. సరేనన్నాడు. మా ఆయనకి చెప్పాను. ఆయనా సరేనన్నారు. ఎవరు ఎవరికి డయల్ చెయ్యాలో మాత్రం నేను చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ఆదివారం భోజనాలు కాగానే ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ATS0=1 కొట్టి, చేతులు కట్టుకున్నారు.

"డయల్ చెయ్యరా?" అన్నాను.

"నేనెందుకు చెయ్యాలి? పంపేది మీ తమ్ముడు. వాడే చేస్తాడు."

"చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే వాడిష్టం."

మా తమ్ముడి సంగతి నాకు తెలియదా? వాడూ అక్కడ అదే కొట్టేసి, కావాల్సింది వాళ్ళకి కాబట్టి వాళ్ళే చేస్తారని కాలు మీద కాలు వేసుకుని ఉంటాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ నాలుగు అక్షరాలూ కొట్టడం నాకు రాక కాదు. కానీ ఈ నెల నేను డయల్ చేస్తే ఇక బతికున్నన్నాళ్ళూ వీళ్ళిద్దరి మధ్యా నేనే డయల్ చేస్తూ ఉండాలి. వాడు మా గుమ్మం ఎక్కడు, ఈయన వాళ్ళ గుమ్మం ఎక్కరు. తమ్ముడా, మొగుడా తేల్చుకోవే అనే రోజు ఒకటి వస్తుందేమోనని నాకు లోపల భయం. అందుకే పత్రిక పోతే పోయింది, కీబోర్డు మాత్రం ముట్టేది లేదని గట్టిగా అనుకున్నాను. అనుకున్నానే గానీ, కళ్ళు మాటిమాటికీ గడియారం వైపే పోతున్నాయి.

ఎంతసేపటికో ఫోన్ మోగింది. మోడెమ్ టక్కున ఎత్తి, చెవులు చిల్లులు పడేలా కీచుమంది. ఆయన కుర్చీలోంచి సగం లేచారు. కాసేపు అరిచి అరిచి అది ఊరుకుంది. అవతల దాని భాషలో పలికే మోడెమ్ ఏదీ లేదని స్క్రీన్ మీద తేల్చేసింది.

"వాడేనంటావా?" అన్నారాయన. గొంతులో ఆశ దాచుకున్నా దాగలేదు.

"మీకెందుకు? వాడిష్టం అన్నారుగా."

మళ్ళీ మోగింది. ఈసారి మోడెమ్ కన్నా ముందే నేను ఒక్క గెంతు గెంతి రిసీవర్ అందుకున్నాను. పిన్ని. తమ్ముడుండే ఊళ్ళోనే, వాడి వెనక వీధిలో ఉంటుంది.

"అమ్మాయ్! మీ ఇంట్లో ఏం జరుగుతోందే? ఇందాక చేస్తే ఎవరో పీక నులిమినట్టు కేక! హడలిపోయి మీ తమ్ముడికి చేస్తే అక్కడా అదే కేక! రెండిళ్ళకీ ఒకేసారి ఏం ముంచుకొచ్చిందే?"

నవ్వాపుకోలేక చచ్చాను. "అది మనిషి కాదు పిన్నీ, మిషను. ఫోన్ ఎత్తడానికి ఇద్దరూ మిషన్లని కాపలా పెట్టుకున్నారు."

"మరి ఫోన్ చేసేదెవరు?"

"అదే, ఎవరూ చెయ్యట్లేదు."

"అల్లుడుగారు పొద్దుట్నుంచీ ఫోన్ ముందే కూర్చున్నారని నేను వెళ్ళి వాడికి చెబుతాను, ఉండు" అని పిన్ని పెట్టేసింది. పొద్దుట్నుంచీ అన్న మాట ఆవిడ సొంతం.

"మీ బావమరిది కూడా మీలాగే ఫోన్ మోగుతుందేమోనని కూర్చున్నాడట" అన్నాను ఆయనతో.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా కోసమా?"

"మరి పిన్ని కోసమా?"

లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగారు, వీధిలోకి తొంగిచూశారు, పది నిమిషాలకి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. నా వైపు చూడకుండానే ముందుకి జరిగి ATDT కొట్టారు. పక్కన తమ్ముడి నంబరు కొట్టడానికి ఎక్కడా వెతుక్కోలేదు. మోడెమ్ డయల్ చేసింది. స్క్రీన్ మీద "బిజీ" అని వచ్చింది. మళ్ళీ కొట్టారు. బిజీ. ఇంకోసారి కొట్టారు. బిజీ.

"ఇప్పుడే వీడెవడితో మాట్లాడుతున్నాడు?" అన్నారు మొహం చిన్నబుచ్చుకుని.

నాకు లైటు వెలిగింది. "మీతోనే! పిన్ని చెప్పి ఉంటుంది. వాడూ అక్కడి నుంచి మీకే కొడుతున్నాడు."

ఇరుకు గుమ్మంలో ఎదురుపడ్డ ఇద్దరు మర్యాదస్థులు ఒకే పక్కకి తప్పుకున్నట్టుంది వీళ్ళ వ్యవహారం. ఈయన ఆగితే అక్కడ వాడూ ఆగాడు. ఈయన కొడితే వాడూ కొట్టాడు. చివరికి నేను కసిరాను.

"ఇక కదలొద్దు. చేతులు ఒళ్ళో పెట్టుకోండి."

"వాడూ అలాగే కూర్చుంటే?"

"కూర్చోడు. మీకున్నపాటి ఓపిక కూడా లేదు వాడికి."

ఫోన్ మోగింది. మోడెమ్ ఎత్తింది. ఇక్కడిది కీచుమంటే అక్కడిది బుస్సుమంది, తరవాత రెండూ ఒక్కసారి సద్దుమణిగాయి. కలిసిందని స్క్రీన్ చెప్పింది. ఆ కింద ఒక్కొక్క అక్షరమే వచ్చింది.

"బావా, డయల్ చేశాను. నేనే ఓడిపోయాను."

ఆయన రెండు వేళ్ళతో గబగబా కొట్టారు. "కాదురా. నీకన్నా ముందు చేసింది నేను. నేనే ఓడిపోయాను."

"ముందు చేసింది నేను. బిజీ వచ్చింది."

"నేను చెయ్యబట్టే నీకు బిజీ వచ్చింది."

"నీదెప్పుడూ ఇంతే బావా. ఒక్కటీ ఒప్పుకోవు."

"నువ్వు ఒప్పుకుంటావేంటి?"

మళ్ళీ మొదలు! ఆయన్ని కుర్చీతో సహా పక్కకి నెట్టేసి, ముట్టననుకున్న కీబోర్డు ముందు నేనే నిలబడ్డాను.

"నేను అక్కని. ఇద్దరూ ఓడిపోయారు. నోరు మూసుకుని బొమ్మలు పంపు."

స్క్రీన్ ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. కోపం వచ్చిందేమో, పెట్టేశాడేమో అనుకున్నాను. తరవాత వచ్చింది.

"సరే అక్కా. వచ్చే నెల నేనే తెస్తాను. బావని ఇంట్లో ఉండమను."

ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది నాకు. సిగ్గుపడకుండా ఏడ్చాను. ఆయన నా భుజం మీంచి అంతా చదివేసి, ఏమీ తెలియనట్టు "ఏమంటాడు?" అన్నారు.

"మిమ్మల్ని ఇంట్లో ఉండమన్నాడు."

"నేనెక్కడికి పోతానే?" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ తీసి తుడుచుకున్నారు.

మొదటి బొమ్మ రావడం మొదలైంది. అన్నీ వచ్చేదాకా ఆయన్ని కీబోర్డు దరిదాపులకి రానివ్వలేదు.