మూడు చిటికెల సోడా

బైండింగు షెడ్డులో ఆమెను అందరూ జిగురక్క అనేవారు. పిండి ఉడకబెట్టి, పుస్తకాల వీపులకు పూసే జిగురు తయారుచేయడం పదహారేళ్లుగా ఆమె పనే. కాగితాల దొంతరను సర్ది కటింగ్ మిషను కింద పెట్టడం ఆమె పని కాదు. ఆ రోజు మనుషులు తక్కువై సాయం పట్టింది. ఆమె చెయ్యి ఇంకా లోపలే ఉందని కటింగ్ మాస్టారు చూసుకోలేదు. ఆయన మీట నొక్కబోతున్నాడని ఆమె చూసుకోలేదు. కుడిచేతి చూపుడువేలు రెండు కణుపుల మేర పోయింది.

రెండు నెలలకు గాయం మాని పనిలోకి వచ్చింది. పెన్ను పట్టడం, గుండీలు పెట్టుకోవడం, జడ అల్లుకోవడం, అన్నీ మధ్యవేలు మెల్లమెల్లగా నేర్చుకుంది. వంట కూడా మళ్లీ తన చేతిలోకి తీసుకుంది. కూరలో ఉప్పు చాలకపోతే ఎవరి కంచంలో వాళ్లు కలుపుకోవచ్చు. చిక్కు బిస్కెట్ల దగ్గర వచ్చింది.

ఆదివారం ఆదివారం ఆమె బిస్కెట్లు చేసేది. సగం ఇంటికి, సగం షెడ్డులో టీ వేళకు. రెండు గ్లాసుల పిండి, గ్లాసు చక్కెర, ముప్పావు గ్లాసు వెన్న, మూడు చిటికెల సోడా. చిటికెడంటే ఎంతక్కా అని ఎవరైనా అడిగితే బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించి, "ఇంత" అనేది. అంతకన్నా ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు.

ఇప్పుడు బొటనవేలితో మధ్యవేలు కలుస్తోంది. పిలవకుండానే ఉంగరపువేలు కూడా సాయానికి వస్తోంది. అలాగే మూడుసార్లు తీసి వేసింది. భర్త నాలుగు తిన్నాడు. కూతురు బాగున్నాయమ్మా అంది. అత్తగారు ఒకటి తిని, మంచినీళ్లు తాగి, "బాగా కుదిరాయే" అంది.

ఆమెకు అక్కడే అనుమానం వచ్చింది. ఇరవయ్యేళ్ల కాపురంలో అత్తగారు ఆమె వంటకు వంక పెట్టని రోజు లేదు. వేడినీళ్లు కాచి ఇచ్చినా, ఇంకాస్త మరిగి ఉండాల్సింది అనే మనిషి. తనే ఒకటి కొరికి చూసింది. నాలుక మీద ఏదో చేదు. కానీ వేసుకుంటున్న మాత్రల వల్ల ఆ మధ్య పాలు తాగినా చేదుగానే ఉంటోంది. తన నోటిని తను నమ్మలేకపోయింది.

తరవాతి ఆదివారం మళ్లీ చేసి, సోమవారం షెడ్డుకు పట్టుకెళ్లింది. కుట్టు బల్ల దగ్గరి ఆడవాళ్లందరూ తలా రెండు తీసుకుని బాగున్నాయక్కా అన్నారు. సాయంత్రం కాగితం ముక్కల గోనె కదపబోతే పైనే ఒక పొట్లం కనిపించింది. విప్పితే సగం కొరికిన బిస్కెట్టు. ఆ గోనె కటింగ్ మిషనుది.

ప్రమాదం జరిగిన నాటి నుంచి మాస్టారు ఆమె ముఖం చూసి మాట్లాడింది లేదు. ఆమె పొట్లం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.

"మాస్టారూ, ఇది మీదేనా?"

"కడుపు నిండుగా ఉండి..." ఆయన నసిగాడు.

"నిజం చెప్పండి. ఇంట్లో అందరూ బాగున్నాయన్నారు. ఇక్కడా అందరూ అన్నారు. ఆఖరికి మా అత్తగారు కూడా అన్నారు. నాకు భయంగా ఉంది."

ఆయన మిషను మీద దుమ్ము తుడిచాడు. "సబ్బు కొరికినట్టుందమ్మా. సోడా ఎక్కువైంది."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. ప్రమాదం జరిగినప్పటి నుంచి అందరూ ఆమెతో గాజుగిన్నెతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. మనిషితో మాట్లాడినట్టు ఈయన ఒక్కడే మాట్లాడాడు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"ఎప్పటిలా మూడు చిటికెలే వేశానండీ."

"ఏ వేళ్లతో?" అనేసి ఆయన నాలుక కరుచుకున్నాడు. ఆమె చెయ్యి చాపి, ఎలా తీస్తోందో చూపించింది. ఆయన చూపు తిప్పుకోలేదు.

"తూచి చూద్దాం. రేపు కాస్త సోడా తీసుకురండి" అన్నాడు.

షెడ్డులో కాగితం బరువు చూసే చిన్న తూకం మిషను ఉంది. అరచేతంత ముక్క కోసి పెడితే గ్రాములో వందో వంతు కూడా చూపిస్తుంది. మర్నాడు భోజనాల వేళ ఆమె దాని మీద పది చిటికెలు వేసింది. ఒక్కటే అయితే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంది కాబట్టి పది తూచి పదితో భాగించమన్నాడు మాస్టారు. ఏడు గ్రాములు వచ్చింది. అంటే చిటికెడు ముప్పావు గ్రాముకు కాస్త తక్కువ. మూడు చిటికెలు రెండు గ్రాములు దాటుతాయి.

"మరి ముందు ఎంత వచ్చేది?" అందామె.

అది చెప్పే వేలు ఇప్పుడు లేదు. కుట్టు బల్ల దగ్గరి పెద్దావిడ లేచి వచ్చి, "నావి తూచి చూడండి" అంది. ఆవిడ చిటికెడు పావు గ్రాము. తరవాత వచ్చినావిడది దానికి రెట్టింపు. యజమాని వచ్చి తనూ వేశాడు. ఆయనది అందరికన్నా తక్కువ. జీతాలు కూడా ఆ వేళ్లతోనే తీస్తారని ఎవరో అనేసరికి ఆయన కూడా నవ్వాడు. ఏ ఇద్దరిదీ ఒక్కటి కాలేదు. ఇన్నేళ్లూ తను "ఇంత" అని చూపించినప్పుడు వీళ్లంతా ఇళ్లకు వెళ్లి ఏం వండుకుని ఉంటారో అనుకుందామె. ఒక్కరూ కుదరలేదని వచ్చి చెప్పలేదు.

పాత కొలత ఎంతో తెలిసే దారి లేదు కాబట్టి కొత్తగా వెతకాలి. గ్రాములో ఎనిమిది పదోవంతులు, గ్రామూ రెండు పదోవంతులు, గ్రామూ ఆరు పదోవంతులు తూచి మూడు పొట్లాలు కట్టుకుంది. వాటి మీద ఒకటి, రెండు, మూడు అని రాసుకుంది. ఆదివారం మిగతావేవీ మార్చకుండా మూడు వాయిలు కాల్చి అత్తగారి ముందు పెట్టింది.

"అత్తయ్యా, సోడా తూచి వేశాను. ఇందులో నా చేతి తప్పేం లేదు. తప్పంతా తూకం మిషనుది. దాన్ని ఎంత తిట్టినా అది బాధపడదు."

అత్తగారు కోడలి వంక ఒకసారి చూసి మూడింటినీ వరసగా తింది. "మొదటిది చెక్క. మూడోది నోట్లో పెట్టుకోలేం. రెండోది పరవాలేదు గానీ, ఇంకో నిమిషం ముందు దించుండాల్సింది."

ఆ మాటకు కోడలికి ప్రాణం లేచి వచ్చింది.

ప్రతిసారీ షెడ్డు మిషను దగ్గరికి పరిగెత్తడం కుదరదు కదా. కొలత చెంచాల గుత్తి కొని, తిరిగి తూచి కట్టుకున్న రెండో నంబరు పొట్లాన్ని ఒక్కో చెంచాలో పోసి చూసింది. పావు టీస్పూనులో సరిగ్గా అంచుకు వచ్చి ఆగింది.

ఆ వారం మాస్టారు నాలుగు బిస్కెట్లు తిన్నాడు. చేతులు దులుపుకుని, "మా ఆవిడ ఎప్పటి నుంచో అడుగుతోంది. కొలతలు రాసిస్తారా?" అన్నాడు.

ఆమె ఒక కాగితం లాక్కుని, బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య పెన్ను ఇరికించింది. అక్షరాలు పక్కకు వాలుతున్నాయి. ఆయన పక్కనే నిలబడ్డాడు.

"ఆ రోజు నేను చూసుకోవాల్సిందమ్మా."

"నేనూ చూసుకోవాల్సింది." ఆమె పావు టీస్పూను అని రాసి, పైన కత్తితో సాపు చెయ్యాలి అని పక్కనే చేర్చింది. "మీ ఇంట్లో గ్లాసు ఎంతుంటుంది? చిన్నదా, పెద్దదా?"

ఆయన చేత్తో చూపించబోయి, ఆగి, "రేపు పట్టుకొస్తాను" అన్నాడు.