సోమవారం సంతకాలు

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. ఆపరేషన్ గదిలో వాడిన కత్తెరలు, పట్టుకార్లు కడిగి, గుడ్డలో మూటలు కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి, క్రిమి అన్నది లేకుండా చేసి తిరిగి పైకి పంపడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే నేలమాళిగ, అదే ఉక్క. పై అంతస్తుల్లో డాక్టర్ల పేర్లు గోడల మీద ఇత్తడి అక్షరాల్లో మెరుస్తుంటాయి. కింద ఈవిడ చేతులు ఒక్కపూట తప్పు చేస్తే ఆ పేర్లన్నీ ఏమవుతాయో ఎవరికీ పట్టదు. పట్టకపోతే మానె, నాకు తెలుసు, అది చాలు అనుకునేది ఆవిడ.

యంత్రాలు రెండు. వాటికేదో నోరు తిరగని పేరుంది గానీ అక్కడివాళ్లకి ఒకటి పాత కుక్కరు, రెండోది కొత్త కుక్కరు. ప్రతి పూటా ఒక మూట లోపల ఒక తెల్ల పట్టీ పెడతారు. వేడి సరిపడా తగిలితే పట్టీ మీద గీతలు నల్లబడతాయి, తగలకపోతే తెల్లగానే ఉండిపోతాయి. ఏ పూట పట్టీని ఆ పూటే రిజిస్టర్‌లో అతికించి, కింద పనిచేసిన మనిషి సంతకం పెట్టాలి. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే పద్ధతి.

ఆ గదికి ఇన్‌ఛార్జి ఒకాయన ఉన్నాడు. జనం ఆయనకి పెట్టిన పేరు వెన్నపూస. ఎవరినీ కసిరి ఎరగడు. ఆడవాళ్లందరూ ఆయనకి తల్లులే, మగవాళ్లందరూ నాయనలే. ఆవిరక్క కోడలుగా వచ్చిన కొత్తలో ఈ ఉద్యోగం ఇప్పించిందీ, ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో రెండు గదులు ఇప్పించిందీ ఆయనే. సోమవారం సంతకాలు కనిపెట్టిందీ ఆయనే.

"రోజంతా తడి చేతులు కదా తల్లీ, పేజీలు నానిపోతున్నాయి. సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా సంతకాలు పెట్టేయి. పట్టీలు నేను అతికించుకుంటాలే," అన్నాడు రెండేళ్ల కిందట. ఎంత మంచివాడమ్మా అనుకుంది పిచ్చి మాలోకం. అప్పటి నుంచి ప్రతి సోమవారం ఖాళీ పేజీల కింద సంతకాలు గీకి పారేస్తోంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది చివరికి.

అది బయటపడిందీ ఒక సోమవారమే. కొత్త కుక్కరులోంచి తీసిన మూట ఒకటి గుడ్డ చిరిగింది. మళ్లీ కడదామని విప్పితే లోపల పట్టీ తెల్లగా ఉంది. పాలలా తెల్లగా. యంత్రం ముల్లు చూసుకునేది ఎప్పుడూ వెన్నపూసే. ఈసారి తను చూస్తే ఎక్కాల్సిన గీతకి రెండు వేళ్ల కింద ఆగిపోయి ఉంది. చెబుదామని వెన్నపూస బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన లేడు. రిజిస్టర్ తెరిచి ఉంది. పొద్దుటి పూట ఎదురుగా నల్లటి పట్టీ అతికించి ఉంది. ఆ పట్టీ తన చేతిలో తెల్లగా ఉంటే అక్కడ నల్లగా ఎలా ఉంది? పోనీ అది పొరపాటనుకుందామంటే, మధ్యాహ్నం పూట ఎదురుగా కూడా అతికించేసి ఉంది. మధ్యాహ్నం మూటలు ఇంకా కట్టనే లేదు! కింద తన సంతకం.

సొరుగు లాగింది. బిస్కెట్ల డబ్బా నిండా నల్ల పట్టీలు, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. పాత కుక్కరులో ఒక్కసారే గుట్టగా పెట్టి నల్లబరిచి దాచుకున్నాడన్నమాట. ఆవిరక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

వెన్నపూస వచ్చాడు. డబ్బా చూశాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంటాడేమో అనుకుంది. ఆయన హాయిగా కుర్చీలో కూర్చున్నాడు.

"చూసేశావా తల్లీ. కొత్తది ఇరవై రోజులుగా వేడెక్కడం లేదు. రిపేరుకి ఇస్తే పది రోజులు ఆగిపోతుంది, సగం ఆపరేషన్లు ఆగిపోతాయి. వచ్చే నెల నాకు పెద్ద ఆసుపత్రికి ప్రమోషన్. ఒక్కరోజు కూడా మిషన్ ఆపని మనిషని నా పేరు రాశారు. ఇప్పుడెలా ఆపను?"

"మనుషుల కడుపులు కోస్తారు సార్ వాటితో!"

"కడుగుతున్నావు కదా శుభ్రంగా. నీ చేతి కడుగుడు చాలదూ?"

"చాలదని మీరే కదా నాకు నేర్పింది!"

ఆయన నవ్వాడు. రిజిస్టర్ తన వైపు తిప్పుకుని, ఆవిరక్క సంతకం మీద చూపుడువేలు పెట్టాడు. "ఇది ఎవరిది తల్లీ? నాది ఒక్కటి చూపించు ఇందులో. శనివారం మెకానిక్ వస్తాడు. అందాకా కొత్తది ముట్టుకోను, ఒట్టు. ఒక్క వారం ఓపిక పట్టు. నీకూ ఇల్లూవాకిలీ ఉన్నాయి." గొంతు ఎక్కడా పెరగలేదు. మెత్తని కత్తి అంటే అదే.

ఒక్క వారం. ఆవిరక్క ఒప్పుకుంది. ఒప్పుకోవడం ఏమిటి, తలూపి వచ్చేసింది. ఆవిడ డ్యూటీ మధ్యాహ్నం రెండు గంటల వరకే. తను ఉన్నంతసేపు మూటలన్నీ పాత కుక్కరులోనే పెట్టింది. మంగళవారం పొద్దున వచ్చి కొత్త కుక్కరు తలుపు మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది, అంటే తను వెళ్లాక ఎవరో నడిపారు. బుధవారమూ వెచ్చగానే ఉంది. గురువారం నుంచి చెయ్యి వేయడం మానేసింది.

ఆ గురువారం రాత్రి ఇంట్లో భర్తకి చెప్పింది. ఆయన తాళాలు బాగుచేస్తాడు. తాళం చెవి అరగదీస్తూనే విన్నాడు.

"ఆయన సంతకం లేదు, నీ సంతకం ఉంది. ముందు ఎవరి మెడ పట్టుకుంటారు? ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఈ ఇల్లూ పోతుంది. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోదాం? వారం ఆగమన్నాడు కదా, ఆగు."

"ఈ వారంలో ఎవరికైనా ఏమన్నా అయితేనో?"

"అయితే డాక్టర్లున్నారు. ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అన్నట్టు మనకెందుకు?"

"పెళ్లి కాదండీ అది! కుక్కనీ కాదు నేను!" అని చేతిలో గరిటె విసిరి కొట్టింది. గోడకి తగిలి సున్నం రాలింది. పిల్లలిద్దరూ పుస్తకాల్లోంచి తలెత్తి చూసి, గబుక్కున దించేసుకున్నారు.

మూలన కూర్చుని బట్టలు మడతపెడుతున్న అత్తగారు అప్పటిదాకా నోరు విప్పలేదు. ఆవిడ నోరు విప్పకపోవడం ఆ ఇంట్లో వింతే.

"అమ్మాయ్, నేను ఇరవై ఏళ్లు పరాయిళ్లలో అంట్లు తోమాను. ఎవరింట్లో ఏం పోయినా ముందు నన్నే అడిగారు. చూశానని చెబితే నన్నే తిట్టారు, చెప్పకపోతే నన్నే తిట్టారు. ఎటూ తిట్లు తప్పవు మనలాంటి వాళ్లకి. చెప్పిన రోజు మాత్రం అన్నం సయించేది."

"నువ్వు ఎగదొయ్యకమ్మా," అన్నాడు కొడుకు.

"ఎగదొయ్యడం లేదురా. నాలుగు రోజుల్నించి ఇది కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోతోంది, నీకు కనబడలేదా?"

కక్కలేక మింగలేక ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో ఆవిరక్కకే తెలుసు. కోపం వెన్నపూస మీద ఎంత ఉందో, తన మీద అంతకి రెట్టింపు ఉంది. సంతకం పెట్టడానికి ముందు పేజీ వంక చూడాలని రెండేళ్లలో ఒక్కసారీ ఎందుకు అనిపించలేదు? చదువు రానిదా? గుడ్డిదా? శనివారం వచ్చింది. మెకానిక్ రాలేదు. "మంగళవారం ఖాయం తల్లీ," అన్నాడు వెన్నపూస.

మళ్లీ సోమవారం. పొద్దున్నే రిజిస్టర్ బల్ల మీద తెరిచి, పెన్ను మూత తీసి మరీ పెట్టాడు. "కానీ తల్లీ, పేజీలు కొన్నే." ఎంత ధైర్యం అనుకుంటూనే ఆవిడ పెన్ను అందుకుంది కూడా. ఇంతలో పై వార్డు నుంచి ఫోను, కట్లు మార్చే సామాను అర్జంటుగా కావాలని. పెన్ను అక్కడ పడేసి, ట్రే పట్టుకుని ఆవిడే మెట్లెక్కింది.

వార్డులో నర్సు ఎవరినో మాటలతో కడిగేస్తోంది. కిటికీ పక్క మంచం మీద పాతికేళ్ల పిల్ల జ్వరంతో మూలుగుతోంది. పక్కన తల్లి, చేతిలో తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు? కుట్లు చీము పట్టాయంటే ఊరికే పడతాయా? స్నానం ఉండదు, శుభ్రం ఉండదు, చేతులు కడుక్కోరు. ఈ వార్డులో ఏడుగురు ఇలాగే తయారయ్యారు. మురికి మనుషులు వచ్చి మా ఆసుపత్రికి చెడ్డపేరు!"

తల్లి తలవంచుకుని, "తప్పయిపోయిందమ్మా. రోజూ తుడుస్తూనే ఉన్నాను. ఎక్కడ చూసుకోలేదో," అంది.

తప్పయిపోయిందట! చేసినవాడు కింద కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, చీముతో చస్తున్నవాళ్లు క్షమాపణ అడుగుతున్నారు. వీళ్ల మురికట! ఆవిరక్క ట్రే బల్ల మీద పెట్టి, ఒక్కొక్క మెట్టు కాదు, రెండేసి మెట్లు దిగింది. బల్ల మీది రిజిస్టర్ చంకన పెట్టుకుని, సొరుగులోంచి డబ్బా తీసింది.

"ఎక్కడికి తల్లీ?" అన్నాడు వెన్నపూస.

"తల్లీ గిల్లీ అన్నావంటే పళ్లు రాలగొడతాను," అంది. పదకొండేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

సూపరింటెండెంట్ గది దగ్గర బంట్రోతు ఆపబోతే వాణ్ని తోసుకుని లోపలికి వెళ్లింది. డబ్బా బోర్లించింది. నల్ల పట్టీలు బల్లంతా పరుచుకున్నాయి. సూపరింటెండెంట్ పెద్దావిడ, కళ్లజోడు సర్దుకుని అంతా విన్నది. రిజిస్టర్ తిరగేసింది.

"సంతకాలన్నీ నీవేనా?"

"నావే."

"ఇది నేను పైకి రాస్తే ఆయనతో పాటు నువ్వూ పోతావు. క్వార్టర్స్ కూడా ఖాళీ చేయాలి. తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చానమ్మగారూ. ముందు ఆ కొత్త కుక్కరు కరెంటు పీకించండి. తర్వాత నన్ను ఏం చేసినా పడతాను."

పావుగంటలో యంత్రం ఆగింది. గంటలో ఆపరేషన్లు ఆగాయి. వెన్నపూసని పిలిపించారు. ఆయన వస్తూ వస్తూ కళ్లనీళ్లు పెట్టుకుని, "నమ్మి పేజీలు అప్పగిస్తే ఇంత పని చేసిందమ్మా," అన్నాడట. అననీ. పట్టీల మీద ఆయన జిగురు వేళ్ల గుర్తులు, డబ్బా ఆయన సొరుగుది. ఇద్దరినీ ఆ పూటే పనిలోంచి ఆపేస్తూ కాగితాలు ఇచ్చారు. ఆవిడ తన కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది.

ఇంటికి వెళ్లాల్సిన మనిషి వార్డుకి వెళ్లింది. తల్లి ఇంకా అలాగే నిలబడి కూతురి నుదురు తుడుస్తోంది.

"అమ్మా, నువ్వేం తప్పు చేయలేదు. మురికి మీది కాదు, మాది. కింద యంత్రం పాడైంది. కత్తెరలు సరిగ్గా ఉడకలేదు. వాటితోనే కోశారు," అని అక్కడే, నర్సు ముందే చెప్పేసింది. గుండెల మీంచి బండ దిగినట్టనిపించింది.

తల్లి చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన సోమవారం."

తల్లి పెదాలు కదిలాయి. రోజులు లెక్కపెట్టుకుంటోందని ఆవిరక్కకి అర్థమయ్యేలోపే ఆ మాట వచ్చేసింది.

"మా అమ్మాయికి గురువారం కోశారు."

ఆవిరక్కకి ఏదో చెప్పాలనిపించింది. సంతకం గురించి, ఇంటి గురించి, పిల్లల గురించి, శనివారం రాని మెకానిక్ గురించి. వారం రోజులుగా తనకి తను చెప్పుకున్నవన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ ఆ మంచం ముందు చెప్పదగ్గది కాదు. చెంపదెబ్బ పడుతుందని కళ్లు మూసుకుంది. పడలేదు.

తల్లి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. పక్క మంచం వైపు లాగింది.

"ఏడుగురున్నారు ఇక్కడ. అందరికీ చెప్పు. నీకు ఏ రోజు తెలిసిందో కూడా చెప్పు."

ఆవిరక్క మొదటి మంచం దగ్గర నిలబడి, చెప్పడం మొదలుపెట్టింది.