కల్వర్టుకు ఇవతల

మా అత్త కూర్మమ్మకు నా జీతం మీద కోపం లేదు. నేను నర్సుగా ఇంకో మెట్టు ఎక్కడమే ఆవిడకు కంట్లో నలుసు.

విశాఖలో ఆరు నెలల డయాలసిస్ శిక్షణ. అది పూర్తిచేస్తే శ్రీకాకుళంలో నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఇన్‌చార్జినవుతాను. నిరుడు ఆడపడుచు పెళ్లని వదులుకున్నాను. ఈసారి సోమవారం చేరకపోతే సీటు నాతో పనిచేసే అనితకు పోతుంది.

ఈసారి అమ్మవారి సంబరం అడ్డొచ్చింది. మా ఊళ్లో చాటింపు వేశాక, సంబరం ముగిసేదాకా ఎవరూ పొలిమేర అవతల రాత్రి ఉండకూడదని కట్టు. చాటింపు ఆదివారం సాయంత్రమన్నారు. ఆ పొద్దున్నే వెళ్లిపోదామని శనివారం డ్యూటీకి బయలుదేరే ముందే బ్యాగు సర్దాను. అత్త చూసి, చెప్పులేసుకుని ఎటో బయటికెళ్లింది. అప్పుడే అనుమానించాల్సింది.

డ్యూటీ దిగుతుంటే ఫోను చేసింది.

"ఒసే యమునా, నూకయ్య సాటింపు డప్పు కొట్టీసినాడు. పెద్దలకి నానే సెప్పి ఈ రోజే ఏయించినాను. ఇంకేటెల్తావు? బేగి ఇంటికి రా."

ఒళ్లు మండిపోయింది. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. కిందటి సంబరానికి మా ఆయన మోహనకృష్ణ బొబ్బిలిలో ఉండిపోతే ఊరంతా వేలెత్తి చూపింది. "డప్పేసినప్పుడు ఊళ్లో లేనోడికి కట్టేటి?" అని అందరి నోళ్లూ మూయించింది ఈ అత్తే.

మా పొలిమేర కల్వర్టు. ఊళ్లో అడుగుపెట్టకుండా దానికి ఇవతలే దిగి, బ్యాగునూ, ఒకసారి చూసుకోవడానికి మా పాప శ్రావణినీ తీసుకురమ్మని మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన వెనకే అత్త కూడా వచ్చింది.

"ఏటే, ఇక్కడిదాకా వచ్చి ఇంటికి రావా?"

"డప్పేసినప్పుడు నాను ఊళ్లో లేను. లేనోళ్లకి కట్టు లేదని నువ్వే సెప్పినావు కదా అత్తా."

"ఆడు మగోడే!"

"అమ్మోరు అలాగన్నాదా?"

అత్త కొడుకు వైపు తిరిగింది. మా ఆయన ఎప్పటిలాగే గోడమీద పిల్లి. నేల చూస్తూ బ్యాగు అందించాడు. శ్రావణి పరుగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుంది. దాన్ని విడిపించుకోవడానికి నా చేతులు రాలేదు. ఏడుపు కన్నా కోపమే ఎక్కువొచ్చింది. ఇంట్లోంచి తిన్నగా బయలుదేరే అదృష్టం కూడా లేకుండా చేశారు.

విశాఖ బస్సు కనబడింది.

"నా బీపీ మాత్ర ఏ పూటేసుకోవాల?" అత్త అరిచింది.

"పొద్దున, టిపినయ్యాక. నీ కొడుకిస్తాడు."

అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. "మరి పిల్లకి పాలెప్పుడియ్యాల?"

"అది పాలు మానేసి రెండేళ్లయిపోనాది బావా" అని చెప్పి బస్సెక్కాను.