మత్తు సూదీ, నీలిగొంతు పిట్టా

వలలమ్మకు పన్ను నొప్పి మొదలై వారమైంది. ఎడమ బుగ్గ బంతిలా ఉబ్బింది. అయినా పట్నం వెళ్ళనంటే వెళ్ళనని భీష్మించుకుని కూర్చుంది.

సముద్రం ఒడ్డున ఉన్న ఆ పక్షుల పరిశీలన కేంద్రంలో ఆమె చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. వెలుగు రాగానే పొదల మధ్య సన్నని వలలు విప్పడం, చిక్కిన పిట్టను ఈక నలగకుండా విడిపించడం, తూచి, రెక్క కొలిచి, కాలికి నంబరున్న రింగు తొడిగి వదిలెయ్యడం ఆమె పని. ఆ పేరు అందుకే వచ్చింది. వేల పిట్టలు ఆమె చేతుల్లోంచి ఎగిరిపోయాయి. నీలిగొంతు పిట్ట మాత్రం ఒక్కసారీ కంటపడలేదు. అది ఆ తీరానికి ఎప్పుడో గాని రాదు. ముచ్చటగా మూడుసార్లు వచ్చింది. మొదటిసారి ఆమె వలదారం కొనడానికి వెళ్ళింది. రెండోసారి మరిది పెళ్ళిలో ఉంది. మూడోసారి కేంద్రంలోనే ఉంది గాని జ్వరంతో ముసుగుతన్ని పడుకుంది. అది ఆమె కిటికీ కిందే తీరిగ్గా పురుగులేరుకుని పోయిందట.

"నేను గడప దాటితే చాలు, అదొచ్చేస్తుంది," అంది ఫోనులో ఆడపడుచుతో. "గాలి ఇప్పుడే తిరిగింది, వలస పిట్టలు దిగే అదను. పన్ను ఊడి చేతికొచ్చినా సరే, ఈ వారం కదలను."

ఆడపడుచు పళ్ళ డాక్టరు. "అయితే నేనే వస్తా వదినా. నువ్వు నోరు తెరిస్తే చాలు. అది నీకు కొత్తేం కాదుగా!"

మర్నాడు పొద్దున్నే పనిముట్ల సంచీతో దిగింది. గుమ్మంలో ఇసుక అంటుకున్న బూట్లు, వంటింట్లో చక్కెర డబ్బా పక్కనే పిట్టల్ని తూచే త్రాసు చూసి ముక్కు విరిచింది. వెలుతురు కోసం కుర్చీని కిటికీ దగ్గరికి లాగి, వదినగారిని కూర్చోబెట్టి, మెడకో తువ్వాలు కట్టింది. వలల సంగతి తాను చూసుకుంటానని కేంద్రానికి పెద్ద అయిన టోపీ సారు మాట ఇచ్చారు. నిద్రలో కూడా ఆయన టోపీ తియ్యరని అక్కడ ప్రతీతి.

సూది పడింది. "కాసేపు నీ ఎడమ దవడ నీది కాదనుకో," అని డాక్టరు బుగ్గలో దూది కుక్కి, కిటికీకి వీపు పెట్టి పనిముట్లు సర్దుకోసాగింది.

వలలమ్మ చూపు ఆమె భుజం మీదుగా బయటికి పోయింది. పెరటి కుళాయి కింద తడిమట్టిలో ఓ చిన్న గోధుమరంగు పిట్ట తోక నిక్కించి రెండడుగులు పరుగెత్తి ఆగింది. ఇటు తిరిగింది. గొంతంతా నీలం! నడుమ ఇటుకరంగు బొట్టు.

"ఈయియొంహు!" అంది వలలమ్మ.

"నొప్పా? ఇంకా మొదలే పెట్టలేదుగా!"

"ఈయి... యొంహు!" అంటూ కిటికీ వైపు వేలు చూపింది.

డాక్టరు వెనక్కి తిరిగి చూసింది. "పిట్ట. అయితే ఏంటట? ఇక్కడ అవి తప్ప ఇంకేం ఉన్నాయి గనక? నోరు తెరు."

వలలమ్మ కుర్చీలోంచి జారి, కిటికీలో తల కనబడకుండా నేల మీద పాకుతూ గుమ్మం దాటి, సముద్రం వైపు పరుగందుకుంది. అక్కడ బెంచీ మీద లెక్కలాయన టెలిస్కోపులో కన్ను పెట్టి నీటి పక్షుల్ని లెక్కపెడుతున్నాడు. ఒకప్పుడు లెక్కల మాస్టారు. లెక్క మధ్యలో పలకరిస్తే ఆయనకు ఎక్కడలేని కోపం. వలలమ్మ ఆయన భుజం పట్టి ఊపేసింది.

తిరిగి చూస్తే ఏముంది! మూతి ఓ పక్కకి వంకరపోయింది, చొంగ కారుతోంది, మాట రావడం లేదు. లెక్కలాయన గుండె జారిపోయింది.

"సారూ! పరుగెత్తుకు రండి! వలలమ్మకి పక్షవాతం!"

"హక్షి! హక్షి!" అని అరిచింది ఆమె.

"చూశారా, తనే చెబుతోంది! పాపం, 'పక్ష' దాకా వచ్చి మాట సగంలోనే ఆగిపోతోంది!"

టోపీ సారు ఆయాసపడుతూ వచ్చారు. ఇద్దరూ కలిసి ఆమెను బెంచీ మీద పడుకోబెట్టబోతే, ఆమె కాళ్ళతో తన్నింది. "కాళ్ళు ఆడుతున్నాయి, మంచి లక్షణమే," అన్నారు సారు. ఇంతలో చేతులకు రబ్బరు తొడుగులతో డాక్టరు వచ్చిపడింది.

"పక్షవాతం లేదు, గాడిదగుడ్డూ లేదు! అది మత్తు సూది! ఏదో పిట్టని చూసి లేచి పారిపోయింది!"

వలలమ్మ తల గట్టిగా ఊపి, సారు నీలం చొక్కా పట్టుకుని లాగి, తన గొంతు మీద టపటపా కొట్టుకుంది.

సారు నోరు తెరుచుకుపోయింది. "నీలి... గొంతా?"

అంతే, నలుగురూ పరుగే పరుగు. గాలికి టోపీ ఎగిరి ఇసుకలో దొర్లినా సారు ఆగలేదు. కింద నున్నని బట్టతల! లెక్కలాయనకు లెక్కే కాదు, ఊరూ పేరూ కూడా మరుపుకొచ్చాయి.

కుళాయి కింద ఏమీ లేదు. తడిమట్టిలో సన్నని కాలిగుర్తులు మాత్రం ఉన్నాయి. వలలమ్మకు ఏడుపొచ్చింది. మూతి సహకరించక అది కూడా సరిగ్గా రాలేదు.

"వలలు చూసే వేళ దాటిపోయింది," అని సారు నెత్తి కొట్టుకున్నారు. ఆ మాటతో ఆమె కన్నీళ్ళు తుడుచుకుని పొదల్లోకి దారితీసింది. మొదటి వల ఖాళీ. రెండోదాంట్లో ఎప్పుడూ వచ్చే పిచ్చుక ఒకటి. దాన్ని విడిపించి వదిలింది. రెల్లు పక్కనున్న చివరి వల అడుగుమడతలో ఏదో కదిలింది. ఓ నీలం మెరుపు!

నోరు మొద్దుబారింది గాని వేళ్ళు మొద్దుబారలేదు. ముందు కాళ్ళు, తరవాత రెక్క, ఆఖర్న తల. గుప్పిట్లోకి తీసుకునేసరికి పిట్ట గుండె ఆమె అరచేతిలో గడగడలాడింది. ఆమె గుండె అంతకన్నా జోరుగా కొట్టుకుంది. రింగు తొడుగుతుంటే అది ఆమె బొటనవేలిని ముక్కుతో ఒక్క పోటు పొడిచింది.

"పిట్ట కొంచెం, పొగరు ఘనం," అన్నాడు లెక్కలాయన.

తూకం, కొలతలు అయ్యాక, వలలమ్మ ఆడపడుచు తొడుగులు లాగేసి, ఆమె దోసిట్లో పిట్టను పెట్టింది. అది ఎగిరిపోకుండా అలాగే కూర్చుని డాక్టరు కళ్ళలోకి చూసింది.

"అమ్మో వదినా, వెచ్చగా ఉంది! ఏం చెయ్యను? ఏం చెయ్యను?" అని డాక్టరు ఉన్నచోటే చిందులు తొక్కింది.

"ఒగియ్యి!"

డాక్టరు వేళ్ళు విప్పింది. పిట్ట రెల్లు మీదుగా దూసుకుపోయింది. వలలమ్మ నవ్వింది. కుడివైపు మాత్రమే నవ్వింది. అది చూసి ఆడపడుచు పొట్ట పట్టుకుని ఇసుకలో కూలబడింది. బట్టతల తడుముకుంటూ సారూ, కళ్ళు తుడుచుకుంటూ లెక్కలాయనా ఆమె పక్కనే చతికిలబడ్డారు.

వంటింటికి చేరేసరికి మత్తు దిగిపోయింది. "మళ్ళీ సూది వెయ్యాలి వదినా, ఏమనుకోకు."

"వెయ్యవే తల్లీ. ఇవాళ ముప్ఫై రెండూ పీకినా కిక్కురుమనను," అంటూ వలలమ్మ నోరు తెరిచింది. కానీ తెరిచిన నోరు నవ్వుతో ఊగిపోతుంటే సూది గురి ఎక్కడ కుదురుతుంది? డాక్టరు రెండుసార్లు చెయ్యెత్తి, రెండుసార్లూ తానే పకపకా నవ్వేసి, చివరికి సూది బల్ల మీద పెట్టేసింది.

"సాయంత్రం పీకుదాంలే," అంది. "ఈలోగా ఆ వలలు ఎలా విప్పాలో నాకూ చూపించు."